తుమ్మ చెట్టు బంగారం

వానాకాలంలో తుమ్మ కొమ్మల మీద తళతళలాడే బంగారు పురుగు మన కళ్లకు కనిపించేది కొద్ది వారాలే. మిగతా బతుకంతా అది ఎక్కడ గడుపుతుంది? ఏం తింటుంది? ఏ మట్టిని నమ్ముకుంటుంది? కూసుమంచి చెలకల నుంచి భద్రాచలం అడవి దాకా, ఆకును నమలడానికి నేలను చీల్చుకుని వచ్చే ఓ పురుగు కథ ఈ వారం ముఖచిత్ర కథనం.

ఆరుద్ర కార్తెలో ఎర్రటి ఆరుద్ర పురుగులు చెలకల్లో కనిపించి వెళ్లిపోతాయి. పునర్వసు దాటి పుష్యమి వానలు పడేసరికి తుమ్మ కొమ్మలు కొత్త ఆకు వేసుకుంటాయి. మబ్బు విడిచి ఎండ పొడ తగిలిన పూట, గుయ్‌మని రొద చేసుకుంటూ ఓ పెద్ద పురుగు వచ్చి ఆ ఆకు మీద వాలుతుంది. మెడ పచ్చగా మెరుస్తుంది. మనం కాస్త పక్కకు జరిగి చూస్తే ఆ పచ్చదనం రాగి రంగులోకి తిరుగుతుంది. తెలంగాణ పల్లెల్లో పెరిగిన వాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. అదే బంగారు పురుగు. కొన్నిచోట్ల జీరంగి అంటారు.

ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో ఉంటుంది కూసుమంచి. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం, పక్కనే పాలేరు జలాశయం ఈ ప్రాంతానికి గుర్తులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు అందిన చోట వరి, అందని చోట పత్తి, మిర్చి. చెరువు కట్టల మీద, పొలం గెట్ల మీద, బంచరాయి భూముల్లో నల్లతుమ్మ, తెల్లతుమ్మ, రేగు, తంగేడు. ఇక్కడి నుంచి తూర్పుకు ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగితే చెలకలు తగ్గి టేకు, మద్ది, తునికి, ఇప్ప, సండ్ర కలగలిసిన అడవి మొదలవుతుంది. 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఆ దారిలోదే. ఊరి గెట్టు మీది తుమ్మకూ, అడవిలోని సండ్రకూ దగ్గరి చుట్టరికం ఉంది. అందుకే ఊరికీ అడవికీ మధ్య ఉన్న ఈ నేల బంగారు పురుగుకు తగిన నేల.

ఎవరీ బంగారు పురుగు?

శాస్త్రవేత్తలు దీన్ని స్టెర్నోసెరా అనే ప్రజాతిలో చేర్చారు. ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో ఈ ప్రజాతి పురుగులు ఉన్నాయి. మన దేశంలో ఎక్కువమందికి తెలిసినవి రెండు రకాలు. మొదటిది స్టెర్నోసెరా స్టెర్నికార్నిస్. జీవులకు రెండు పదాల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1758లోనే దీనికి పేరు పెట్టాడు. దీని ఒళ్లంతా పచ్చ, వీపు పెంకుల మీద చిన్న చిన్న గుంటలు, ఆ గుంటల్లో తెల్లటి నూగు. రెండోది స్టెర్నోసెరా క్రైసిస్. దీనికి మెడభాగం మాత్రమే పచ్చగా మెరుస్తుంది, వీపు పెంకులు ముదురు గోధుమ రంగులో నున్నగా ఉంటాయి. ఈ పేరు 1775 నాటిది, పెట్టినవాడు ఫాబ్రీషియస్. రెండూ ఒకటిన్నర అంగుళం దాకా పెరుగుతాయి. పురుగును వెల్లకిలా తిప్పి చూస్తే రొమ్ము దగ్గర ముందుకు పొడుచుకు వచ్చిన మొన కనిపిస్తుంది.

ఇవి బ్యూప్రెస్టిడే కుటుంబానికి చెందినవి. ప్రపంచమంతటా ఆ కుటుంబంలో 15,000కు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ జాతుల పిల్లపురుగులు చెట్టు మానులో, కొమ్మల్లో, బెరడు కింద సొరంగాలు తొలుచుకుని బతుకుతాయి. ఆసియా నుంచి అమెరికాకు చేరి, 2002లో మిషిగన్ రాష్ట్రంలో బయటపడిన ఓ పచ్చటి పురుగు అక్కడ కోట్ల కొద్దీ యాష్ చెట్లను చంపింది. అదీ ఈ కుటుంబంలోదే. మన బంగారు పురుగు దారి వేరు. దాని పిల్లపురుగు చెట్టు మానును ముట్టదు, మట్టిలోనే ఉంటుంది. ఆ ఒక్క తేడాలోనే దాని బతుకూ, ఇప్పుడు దానికి వచ్చిన ఆపదా రెండూ ఉన్నాయి.

ఆకు మీద కొద్ది వారాలు

పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందు తుమ్మ చెట్టు దగ్గరికి వెళ్తే పురుగును దగ్గరగా చూడొచ్చు. చల్లటి పూట అది చురుగ్గా ఎగరలేదు. కొమ్మను ఆరు కాళ్లతో పట్టుకుని కదలకుండా ఉంటుంది. పొద్దెక్కి ఒళ్లు వేడెక్కాక మేత మొదలుపెడుతుంది. తుమ్మ ఆకుకు సన్నటి ఈనెలు, వాటికి రెండు పక్కలా చిన్న చిన్న రేకులు. పురుగు ముందుకాళ్లతో ఈనెను నోటి దగ్గరికి లాక్కుంటుంది. కొస నుంచి మొదలుపెట్టి రేకులను వరసగా కొరుకుతూ వెనక్కి వస్తుంది. దవడలు రెండూ పక్కల నుంచి దగ్గరికి వచ్చి ఆకును కత్తిరిస్తాయి. ఒక్కోసారి ఈనె మధ్యలో తెగి సగం ఆకు కింద పడుతుంది. చెట్టు మొదట్లో అలా రాలిన ఆకు తునకలు, నల్లటి పెంటికలు కనిపిస్తే తల ఎత్తి చూడాలి. పురుగు పైనే ఉందన్నమాట.

చెయ్యి దగ్గరికి పోనిస్తే ఒక్కసారిగా కాళ్లు ముడుచుకుని గడ్డిలో రాలిపోతుంది. చచ్చిపోయిందేమో అనిపించేలా కాసేపు అలాగే పడి ఉంటుంది. ఇదే దాని మొదటి రక్షణ. బాగా ఎండ ఉన్నప్పుడైతే రాలదు. వీపు పెంకులు పైకెత్తి, వాటి కింద మడతపెట్టి ఉన్న పలుచటి రెక్కలు విప్పి పక్క చెట్టుకు పోతుంది. మనకు వినిపించే రొద ఆ పలుచటి రెక్కలదే. మెరిసే పెంకులు ఎగరడానికి పనికిరావు, ఎగిరే రెక్కలను దాచడానికి పనికొస్తాయి.

ఆ కొద్ది వారాల్లో దానికి రెండే పనులు. కడుపు నింపుకోవడం, జతకట్టడం. మగ, ఆడ పురుగులు మేత చెట్టు మీదే కలుస్తాయి. తర్వాత ఆడపురుగు నేలకు దిగి చెట్టు చుట్టుపక్కల మట్టిలో గుడ్లు పెడుతుంది. తెలంగాణ పిల్లలు ఈ పురుగును అగ్గిపెట్టెలో వేసి, తుమ్మాకు పెట్టి పెంచుకునేవాళ్లు. తెల్లారి పెట్టె తెరిస్తే అడుగున వడ్ల గింజంత గుడ్డు కనిపించేది. బడికి తీసుకెళ్లి స్నేహితులకు చూపించేవాళ్లు. అంత పెద్ద పురుగుకు కూడా ఆ గుడ్డు పెద్దదే. అటువంటి గుడ్లను ఆడపురుగు ఒక్కొక్కటిగా మట్టికి అప్పగిస్తుంది. పిల్లల అగ్గిపెట్టెలో పెట్టిన గుడ్డుకు మట్టి దొరకదు కాబట్టి అది పొదిగినా పిల్లపురుగుకు తిండి ఉండదు.

మట్టిలో నెలలు, ఏళ్లు

గుడ్డు నుంచి వచ్చే పిల్లపురుగుకు కాళ్లుండవు. తెల్లగా, పొడుగ్గా, మెత్తగా ఉంటుంది. ఒంటి నిండా నూగు. తలకు బలమైన దవడలు. కాళ్లు లేకపోయినా ఒళ్లు ముడుస్తూ సాచుతూ మట్టిలో దారి చేసుకుంటుంది. వేళ్లు దొరికిన చోట ఆగి వాటినే తింటుంది. పెరిగినకొద్దీ ఇరుకైన తోలు విడిచి కొత్త తోలు వేసుకుంటుంది. ఎండాకాలంలో చెలక పగుళ్లిచ్చినప్పుడూ, వానాకాలంలో నేల నానినప్పుడూ అది మట్టిలోనే ఉంటుంది.

ఎదుగుదల పూర్తయ్యాక మట్టితోనే గూడు కట్టుకుని అందులో ప్యూపా అవుతుంది. ఆ గూటిలోనే కాళ్లు, రెక్కలు, కళ్లు, పెంకులు తయారవుతాయి. పచ్చరంగు వచ్చేది కూడా అక్కడే, వెలుతురు సోకని చోట. థాయ్‌లాండ్‌లో ఉండే దీని సోదర జాతికి, గుడ్డు నుంచి పెద్దపురుగు దాకా, దాదాపు రెండేళ్లు పడుతుంది. అందులో ఆకు మీద కనిపించే కాలం వారాల్లోనే లెక్క.

వాన పడి నేల మెత్తబడినప్పుడు పెద్దపురుగు గూడు చీల్చుకుని, మట్టిని తోసుకుంటూ పైకి వస్తుంది. అప్పటికి తుమ్మ కొత్త ఆకుతో సిద్ధంగా ఉంటుంది. వాన, చిగురు, పురుగు మూడూ ఒకే వేళకు కలుస్తాయి. వాన వెనకపడితే పురుగూ వెనకపడుతుంది.

ఈ లెక్కన మనం ఆకు తినే పురుగు అని పిలిచే జీవి బతుకులో ఆకు చివరి అధ్యాయం. ముందరి అధ్యాయాలన్నీ నేలవే.

వేపచెట్టు మీద రాత్రి మేత

మట్టిలో పెరిగి చెట్టు మీద మేసే పురుగు మన పొలాల్లో ఇంకొకటి ఉంది. రైతులకు అది బాగా తెలుసు. వేరుశనగ రైతును ఏడిపించే వేరుపురుగు అదే. హోలోట్రైకియా జాతుల పెంకుపురుగుల పిల్లలు అవి. తొలకరి గట్టిగా పడిన సాయంత్రం, చీకటి పడే వేళకు గోధుమరంగు పెంకుపురుగులు మట్టిలోంచి గుంపుగా లేస్తాయి. వేప, రేగు, మునగ చెట్ల మీద వాలి ఆకు మేస్తాయి, జతకడతాయి. తెల్లవారకముందే మళ్లీ మట్టిలోకి దూరతాయి. మట్టిలో పెట్టిన గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి. తెల్లటి పిల్లపురుగులు రెండు మూడు నెలలు పంట వేళ్లు తింటాయి. తర్వాత ప్యూపా అయి, పెద్దపురుగుగా మారి, మరుసటి ఏడు తొలకరి దాకా మట్టిలోనే కదలకుండా ఉంటాయి.

ఈ చక్రం తెలిసింది కాబట్టే వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతులకు ఒక తేలికైన ఉపాయం చెప్పగలిగారు. తొలకరి పడిన రాత్రుల్లో వేప, రేగు కొమ్మలను దులిపి, రాలిన పురుగులను ఏరి చంపేస్తే ఆ ఏడు మట్టిలో గుడ్లు తగ్గుతాయి. ఉత్తర భారతంలో ఎక్కువగా ఉండే ఒక జాతిలో ఆడపురుగు అనిసోల్ అనే వాసన పదార్థంతో మగవాటిని పిలుస్తుందని తెలిశాక దాన్నే ఎరగా వాడే పద్ధతీ వచ్చింది. చెట్టు మీది మేతకూ, మట్టిలోని పిల్లపురుగుకూ ఉన్న లంకె తెలియకపోతే ఇవేవీ సాధ్యం కావు.

బంగారు పురుగు మాత్రం పంటకు శత్రువు కాదు. అది కోరేది తుమ్మ జాతి చెట్ల ఆకు. అదీ చెట్టుకు నీరు, చిగురు పుష్కలంగా ఉన్న కాలంలో. తిన్న ఆకు స్థానంలో చెట్టు మళ్లీ ఆకు వేస్తుంది. తిన్నది పెంటికల రూపంలో చెట్టు మొదటికే చేరుతుంది. అడవిలో టేకు ఆకును ఈనెలు మిగిల్చి జల్లెడ చేసే లద్దెపురుగులతో దీన్ని కలపకూడదు. అవి చిమ్మెటల పిల్లలు, గుంపులుగా పుట్టి కొండ కొండనే ఆకు లేకుండా చేయగలవు. బంగారు పురుగు అంత గుంపు కట్టదు.

మెరుపు ఎందుకు?

ఇంత ప్రమాదకరమైన అడవిలో ఒక పురుగు ఇంతగా మెరవడమేమిటి? పాలపిట్ట చూడదా? తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట తీగ మీదో, ఎండుకొమ్మ మీదో కూర్చుని కిందికి చూసి వేటాడుతుంది. మిడతలు, పెద్ద పెంకుపురుగులు దాని తిండి. అలాంటి కంటి ముందు తళతళలాడటం చావు కొనితెచ్చుకోవడమే కదా అనిపిస్తుంది.

2020లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి జవాబు ప్రచురించారు. థాయ్‌లాండ్ బంగారు పురుగు పెంకుల కింద పక్షులకు ఇష్టమైన పురుగును ఎరగా పెట్టి అడవిలో ఆకుల మీద ఉంచారు. ఒకే రంగులో ఉండే నకిలీ పెంకులనూ అలాగే ఉంచారు. చూసే కోణాన్ని బట్టి రంగు మారే పెంకుల కింది ఎరను పక్షులు తక్కువగా తిన్నాయి. మనుషులను ఆ దారిలో నడిపించి వెతకమంటే వాళ్లకూ ఆ పెంకులే ఎక్కువగా తప్పిపోయాయి. రంగు క్షణక్షణానికీ మారడం వల్ల పురుగు ఆకారం కంటికి పట్టుబడదు. తడిసిన ఆకులు, వాటి మీద ఎండపొడలు, వాటి మధ్య ఓ మెరుపు. అది పురుగా, నీటిచుక్కా అని తేల్చుకునేలోపు పక్షి చూపు ముందుకు వెళ్లిపోతుంది. మనం నగ అనుకున్నది దానికి ముసుగు.

ఆ పచ్చ పూసిన రంగు కాదు. పెంకు పైభాగంలో అతి పలుచటి పొరలు దొంతరగా ఉంటాయి. వెలుతురు ఒక్కో పొర మీద తగిలి వెనక్కి తిరిగేటప్పుడు కొన్ని రంగులు కలిసి బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మిగిలేది ఆ పచ్చదనం. రంగుద్రవ్యం అయితే ఎండకు వెలిసిపోతుంది. పొరల అమరిక చెదరనంత కాలం ఈ పచ్చ వెలవదు.

చీరకొంగుల నుంచి రాజభవనాల దాకా

వెలవని పచ్చ కాబట్టే మనుషులు దాని వెంట పడ్డారు. మొగలుల కాలం నుంచి మన దేశంలో పలుచటి మస్లిన్ మీద జరీతో పాటు ఈ పెంకులను కుట్టేవాళ్లు. పెంకును ఆకు ఆకారంలో కత్తిరించి, అంచుల్లో బెజ్జాలు చేసి, బంగారు తీగ అల్లికల నడుమ పచ్చటి ఆకుల్లా కుట్టడం ఆ పనివాళ్ల నేర్పు. 19వ శతాబ్దంలో ఆ బట్ట ఐరోపాకు ఎగుమతి అయ్యేది. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ అనే నటి లేడీ మాక్‌బెత్ వేషానికి వేసుకున్న గౌనుకు దాదాపు వెయ్యి పెంకులు కుట్టారు. ఆ గౌనులో ఆమెను చిత్రకారుడు సార్జెంట్ గీసిన బొమ్మ 1889 నాటిది. గౌనును మరమ్మతు చేసి 2011లో మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. శతాబ్దం దాటినా పెంకుల పచ్చ అలాగే ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ తొడుక్కున్న నెమలి గౌనులో ఒక్కో ఈక కన్నుకూ ఒక్కో పెంకు. ఆ జరీ పని చేసింది మన దేశపు పనివాళ్లే. ఇంకా వెనక్కి వెళ్తే, జపాన్‌లో హోర్యూజీ ఆలయంలో 7వ శతాబ్దపు చిన్న మందిరాన్ని ఇదే కుటుంబపు పురుగు పెంకులతో అలంకరించారు. 2002లో బ్రస్సెల్స్ రాజభవనంలో ఒక హాలు పైకప్పుకు పది లక్షలకు పైగా పెంకులు అతికించారు. అవి థాయ్‌లాండ్ జాతివి.

ఇన్ని దేశాల రాజులు, రాణులు, నటులు కోరుకున్న పచ్చదనం కూసుమంచి గెట్టు మీది తుమ్మకు ఏటా ఊరికే వస్తోంది. దాన్ని మనం గుర్తించాల్సింది పెంకు కోసం కాదు, అది బతికుండగానే.

దున్నని నేల ఎక్కడ?

ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే ఇప్పుడు బంగారు పురుగులు మునుపటంత కనిపించడం లేదంటారు. పురుగు బతుకు చక్రాన్ని పక్కన పెట్టుకుని చూస్తే కారణాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మొదటిది మందు. పత్తికి, మిర్చికి కొట్టే పురుగుల మందు గాలికి గెట్టు మీది తుమ్మ ఆకు మీదా పడుతుంది. పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో పత్తికి మందు కొట్టే రోజులూ, బంగారు పురుగు ఆకు తినే రోజులూ ఒకటే.

రెండోది చెట్టు. పొలాన్ని పెద్దది చేయడానికి గెట్టు సన్నబడుతోంది. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని తుమ్మను కొట్టేస్తున్నారు. కాగితం మిల్లుకు కర్ర కావాలి కాబట్టి జామాయిల్ తోటలు పెరిగాయి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటలు వచ్చాయి. రైతుకు ఆదాయం కావాలి, అందులో తప్పు లేదు. కానీ తుమ్మాకు తినే పురుగుకు ఆ తోటల్లో తిండి లేదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది, అయినా ఎవరూ మాట్లాడనిది. అది నేల. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి మించి మట్టిలో ఉండే జీవికి కదిలించని మట్టి కావాలి. వేసవి దుక్కి చేసిన ప్రతిసారీ పిల్లపురుగు ఎండకు, కొంగలకు, కాకులకు దొరుకుతుంది. పొలంలో దుక్కి తప్పదు. ఒకప్పుడు పొలం పక్కన దున్నని నేల కూడా ఉండేది. బంచరాయి, చెరువు శిఖం అంచు, కట్ట పక్క చెలక, డొంక దారి, శ్మశానం ఒడ్డు. ఇప్పుడు ఇవన్నీ ప్లాట్లుగా, పొలాలుగా, రోడ్లుగా మారుతున్నాయి. మనం బీడు అని, ఖాళీ జాగా అని పిలిచిన నేలలో కనపడని ప్రాణాలు పెరుగుతున్నాయి. మనకు ఖాళీగా కనిపించింది వాటికి పుట్టిల్లు.

అడవి అంచున ఈ మాట ఇంకా బలంగా చెప్పాలి. మొక్కలు నాటితే అడవి తిరిగొస్తుందని మనం నమ్ముతున్నాం. గుంతలు తవ్వి, వరసలు పెట్టి నాటుతున్నాం. చెట్లు పెరుగుతాయి. కానీ నేలను మొత్తం తిరగేసి నాటిన చోట ఆ నేలలోని పిల్లపురుగులు పోతాయి. చెట్లను లెక్కపెడుతున్న మనం వాటి కింది మట్టిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

చేయగలిగినవి

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. రైతు తన గెట్టు మీద ఒకటి రెండు తుమ్మలను ఉంచి, వాటి మొదలు చుట్టూ కాస్త నేలను నాగలికి దూరంగా వదిలేస్తే చాలు. మందు కొట్టే రోజు గాలి ఎటు వీస్తుందో చూసుకుంటే గెట్టు మీది ఆకు మిగులుతుంది. ఆ చెట్టు నీడ, ఆ కంప, ఆ కట్టె ఎలాగూ రైతుకు పనికొస్తాయి.

2020 నుంచి తెలంగాణ పల్లెల్లో ప్రకృతి వనాలు వచ్చాయి. వాటిలో ఒక మూల తుమ్మ, రేగు, తంగేడు పెట్టి, ఆ మూలను తవ్వకుండా, గడ్డి పీకకుండా వదిలేయమని పంచాయతీలను అడగొచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టరులో పులి, జింకలతో పాటు బంగారు పురుగుకూ ఒక పేజీ ఉండాలి. ఏ చెట్టు మీద, ఏ కార్తెలో, ఏ ఊరి హద్దులో కనిపించిందో రాస్తే పదేళ్ల తర్వాత ఆ పేజీయే సాక్ష్యం.

ఆ రాత పని బడి పిల్లలకు ఇవ్వాలి. పునర్వసు నుంచి మఖ కార్తె దాకా వారానికోసారి బడి చుట్టుపక్కల తుమ్మలను చూసి లెక్క రాసే పనికి ఖర్చేమీ లేదు. పురుగును అగ్గిపెట్టెలో పెట్టొద్దని పిల్లలకు చెబితే సరిపోదు. ఆ గుడ్డు మట్టిలో పడితే ఏమవుతుందో, వేళ్ల దగ్గర ఎలా పెరుగుతుందో, మట్టిగూటిలో ఎలా రంగు తెచ్చుకుంటుందో చెప్పాలి. అది తెలిసిన పిల్ల పురుగును తనంతట తానే మళ్లీ కొమ్మ మీద పెడుతుంది.

పులిని కాపాడటానికి అభయారణ్యం కావాలి. బంగారు పురుగును కాపాడటానికి చెట్టు కింద నాలుగు గజాల దున్నని నేల చాలు. అంత నేల ప్రతి ఊరికీ ఉంది, ప్రతి రైతుకూ ఉంది. దాన్ని ఖాళీ జాగా అనడం మానేసి కాపాడుకోవాల్సిన నేల అని ఒప్పుకోవడమే మనం ముందుగా చేయాల్సిన పని. ఈ వానాకాలమే మొదలుపెడదాం.